ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగిందా? ముందు కోడ్ చూపించమనండి

ఫోన్ చార్జింగ్ పోర్టులో తడి చేరితే ఏమవుతుంది? "తేమ ఉంది, ఆరాక చార్జింగ్ పెట్టండి" అని స్క్రీన్ మీదే వచ్చేస్తుంది. పదిహేను వేల ఫోన్‌కే ఆ మాత్రం మర్యాద ఉంది. మరి లక్షలు పోసి కొన్న కారులో, ప్రాణాలు కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగ్‌కి ఏదైనా అయితే? మీటర్లో ఒక చిన్న బొమ్మ వెలుగుతుంది. అంతే. ఎక్కడ పోయింది, ఏం పోయింది అన్నది మనకి చెప్పదు. నా కంప్లైంట్ అదే.

మొన్న సంక్రాంతికి గుడివాడ వెళ్లినప్పుడు అమ్మానాన్నల్ని తీసుకుని మోపిదేవి గుడికి, అట్నుంచి నాగాయలంకలో పిన్నివాళ్లింటికి బయల్దేరాం. కారు నాన్నది. సెకండ్ హ్యాండే కానీ సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌లు కూడా ఉన్న టాప్ వేరియంట్. కూచిపూడి దాటాక ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగింది, ఇక ఆరలేదు. ముందు సీట్లో అమ్మ ఉంది.

దారిలో ఒక మెకానిక్‌కి చూపిస్తే, "ఏం కాదు మాస్టారూ, బండి నడుస్తుందిగా! అంత చిరాగ్గా ఉంటే బల్బు పీకేద్దాం" అన్నాడు. తర్వాత ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే "మాడ్యూల్ మార్చాల్సి రావచ్చు సార్, ముప్పై వేలు దాటొచ్చు" అన్నారు. ఒకరు లైట్‌ని చంపేద్దామంటారు, ఇంకొకరు మొత్తం మార్చేద్దామంటారు. అసలు జబ్బేంటో ఎవరూ చూడలేదు.

మనం ఇంజినీర్లం కదా, బ్యాగులో ఈఎల్ఎం327 బ్లూటూత్ డాంగిల్ ఉండనే ఉంది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి పెట్టి, ఫోన్‌లో యాప్ ఓపెన్ చేశా. "ఎర్రర్ కోడ్స్ ఏమీ లేవు" అంది. ఎదురుగా లైట్ వెలుగుతూనే ఉంది!

ఇక్కడే అసలు విషయం ఉంది. కారు కోడ్స్ నాలుగు రకాలు. ఇంజిన్, గేర్‌బాక్స్ వాటికి 'పీ', బాడీకి 'బీ', చాసిస్‌కి 'సీ', నెట్‌వర్క్‌కి 'యూ'. మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి, అదీ పొగ కాలుష్యం రూల్స్‌లో భాగంగా. అందుకే పొగకి సంబంధించిన కోడ్స్‌ని ఏ చవక డాంగిల్ అయినా చదువుతుంది. ఎయిర్‌బ్యాగ్‌వి 'బీ' కోడ్స్. వాటిలో చాలావరకు కంపెనీకో భాషలో ఉంటాయి. ఆ భాష తెలిసిన స్కానర్ ఉంటేనే బయటికొస్తాయి. అంటే, పొగ ఎక్కువ వస్తే తెలుసుకునే దారి చట్టం ఇచ్చింది. ప్రాణం మీదికొచ్చే విషయంలో మాత్రం ఇవ్వలేదు.

చివరికి బందరులో మల్టీ బ్రాండ్ స్కానర్ ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దొరికాడు. రెండు నిమిషాల్లో కోడ్ వచ్చింది: ప్యాసింజర్ వైపు సైడ్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ. ఎయిర్‌బ్యాగ్‌ని పేల్చే ఇగ్నైటర్ రెసిస్టెన్స్ మామూలుగా రెండు మూడు ఓములే. కనెక్టర్ కాస్త వదులైనా, పిన్నులకి చిలుము పట్టినా ఆ లెక్క మారిపోతుంది, మాడ్యూల్ లైట్ వెలిగిస్తుంది.

అతను ముందు బ్యాటరీ టెర్మినల్ తీసి పక్కన పెట్టాడు. మేం టీ తాగొచ్చేదాకా బండి ముట్టుకోలేదు. మాడ్యూల్‌లో కెపాసిటర్ ఉంటుంది, బ్యాటరీ తీసినా కాసేపు చార్జ్ నిలుస్తుంది. తర్వాత సీటు కింద చూస్తే పసుపు రంగు కనెక్టర్ సగం ఊడి ఉంది. నాన్న అక్కడికి తోసే గొడుగు, నీళ్ల సీసాల పుణ్యమే. పిన్నులకి పచ్చగా చిలుము కూడా. సముద్రం పక్క ఉప్పుగాలి, వానాకాలం తడి చెప్పుల నీళ్లు, ఇంకేం కావాలి? క్లీన్ చేసి, లాక్ పడేదాకా నొక్కి, కోడ్ క్లియర్ చేస్తే లైట్ ఆరిపోయింది. ఖర్చు ఎనిమిది వందలు.

ఇది చదివి మల్టీమీటర్ పట్టుకుని సీటు కింద దూరకండి, ప్లీజ్. మీటర్ పంపే చిన్న కరెంట్‌కి కూడా ఇగ్నైటర్ పేలే ప్రమాదం ఉంది. రిపేర్ తెలిసినవాడే చెయ్యాలి. కానీ జబ్బు పేరు తెలుసుకునే హక్కు ఓనర్‌కి ఉండాలి కదా?

"కోడ్స్ ఓపెన్ చేస్తే జనం కెలుకుతారు" అనే వాదన ఉంది. కొంత నిజమే. అందుకే నేనడిగేది చదవడం వరకే. రైట్ పర్మిషన్ మీ దగ్గరే పెట్టుకోండి, రీడ్ ఓన్లీ మాకివ్వండి. అయినా జనం ఇప్పుడు చేస్తున్నదేంటి? బల్బు పీకడం. అంతకన్నా ప్రమాదమా, సీటు కింద కనెక్టర్ వదులైందని తెలియడం?

ఇది కొత్త గొడవేం కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నదే అభియోగం. ఆ తర్వాత కోర్టుల్లో వాదనలు నడిచాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్లకి రైట్ టు రిపేర్ చట్టం తెచ్చింది. మన కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో ఫోన్లతో పాటు ఆటోమొబైల్స్ కూడా ఉన్నాయి. ఫోన్ బ్యాటరీ మార్చుకునే హక్కు గురించి మనం గంటలు గంటలు వాదించుకుంటాం. ఇదీ ఆ హక్కే.

డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. ఆ కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తున్నాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో, దివిసీమ లంకల్లోకి నీళ్లెలా వచ్చాయో చూశాం. సీటు ఎత్తు దాకా మునిగిన కారు సీటు కింద కనెక్టర్లకి ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి పాత కారు కొనేటప్పుడు ఒక చిన్న టెస్ట్ చెయ్యండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఆరకపోతే ఫాల్ట్. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించండి, ఎవరో బల్బు పీకి ఉండొచ్చు. వెలిగి ఆరినా పూర్తిగా నమ్మకండి. ఎయిర్‌బ్యాగ్ బదులు రెసిస్టర్ పెట్టి మాడ్యూల్‌ని మోసం చేసేవాళ్లూ ఉన్నారు. ఎయిర్‌బ్యాగ్ కోడ్స్ చదివే స్కానర్‌తో ఒకసారి చూపించుకుని, ఆ రిపోర్ట్ ఫొటో తీసి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో అమ్మ మళ్లీ ముందు సీట్లోనే కూర్చుంది. ముందు రోజు అదే సీట్లో, ఆ లైట్ వెలుగుతుండగా, నాగాయలంక దాకా వెళ్లొచ్చాం. ఎనిమిది వందల రిపేర్ గురించి తెలియక తీసుకున్న రిస్క్ అది. కొత్త కారు రివ్యూల్లో స్క్రీన్ ఎన్ని అంగుళాలో అందరం రాస్తాం. ఇకమీదట ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం: ఎయిర్‌బ్యాగ్ ఫాల్ట్ వస్తే, అంత పెద్ద స్క్రీన్ మీద అదేంటో ఒక్క లైన్ చూపిస్తుందా, లేదా?