అబ్బా జీపు: నాలుగు టైర్లు, నలుగురి హిస్సా

అబ్బా జీపు అమ్మేస్తానని నేను నోరు తెరిచిన దినం నుంచి ఖాన్‌దాన్‌లో నా మీద ముఖద్దమా నడుస్తోంది. మామూ ఫోన్ చేసి, "మర్హూమ్ నిషానీ రా అది, బజార్ల పెడ్తవా?" అన్నాడు. ఫుప్పూ కొడుకైతే, "ఉంచు భాయ్, షౌఖ్ కా మోల్ నై హోతా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఖాలూ తీరు వేరు. "అమ్మితే అమ్ము. కానీ ఇప్పుడున్నది ఉన్నట్టే అమ్ము. హైదరాబాద్ పోరగాళ్లు ఎగబడి కొంటరు. లేనిపోనివన్నీ విప్పి చెప్పకు" అని సలహా ఇచ్చాడు.

ముగ్గురికీ విడివిడిగా జవాబు చెప్పి అలిసిపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇది మా ఒక్క ఇంటి గొడవ అయితే రాసేవాణ్ని కాదు. మీ ఇంట్లో జీపు లేకపోవచ్చు. అబ్బా పేరు మీదే ఉండిపోయిన మల్గీ ఉంటుంది, ప్లాటు ఉంటుంది, ట్రాక్టర్ ఉంటుంది. దాని మీద ఒకడు సవారీ చేస్తుంటాడు. మిగతా వారిసులు దువా చేస్తూ చూస్తుంటారు.

ముందు జీపు సంగతి. 1996లో కొన్నాడు అబ్బా. ఎంఎం 540. ప్యూజో డీజిల్ ఇంజన్, 2,112 సీసీ. నల్లగొండ జిల్లా ఏపీ 24 నంబరు. మోతె నుంచి సూర్యాపేటకు, ఇటు ఖమ్మం రోడ్డు మీద పాలేరు దాకా ఆ జీపు మోయని బరువు లేదు. యూరియా బస్తాలు మోసింది, పెళ్లికూతుళ్లను మోసింది, పురుటి నొప్పుల మీదున్న ఆడవాళ్లను రాత్రికి రాత్రి దవాఖానకు చేర్చింది. జాన్‌పహాడ్ ఉర్సుకు పోయేటప్పుడు మా గల్లీ మొత్తం అందులోనే. సొంత బండి నంబరు మీద కిరాయి తిప్పడం గలత్ అని నాకూ తెలుసు. అబ్బాకూ తెలుసు. ఆ గలతీని దాచి ఆయన్ను వలీని చేయను. కానీ ఆ జీపు మా ముగ్గురి ఫీజు కట్టింది. నన్ను ఉర్దూ మీడియం బడిలోంచి తెలుగు డిగ్రీ దాకా మోసింది అదే.

2021లో ఆర్సీ రెన్యువల్‌కు ఆఖరిసారి ఆయనే తీసుకెళ్లాడు. ఆరు నెలలు తిరక్కుండానే ఇంతెఖాల్ అయ్యారు. ఆ తర్వాత జీపు ఛోటా చేతికొచ్చింది. ఛోటా అంటే మా తమ్ముడు.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి కాబట్టి వాడి తరఫున కూడా చెప్తా. పదో తరగతి తప్పిన ఉర్దూ మీడియం పోరడు. ఊళ్లో వాణ్ని పేరుతో పిలిచిన వాడు లేడు. ఆ జీపు కింద పడుకుని, పానా పట్టుకుని, చేతులు గ్రీజు చేసుకుని వాడు పని నేర్చాడు. 4 అంగుళాలు లేపాడు. 33 అంగుళాల టైర్లు వేశాడు. ముందు ఇనుప గార్డు, దానికి వించి, లోపల పైపుల పంజరం, టాపు మీద లైట్ల వరుస. చివరికి అబ్బా ఇంజన్ దించేసి, ఎక్కడో యాక్సిడెంట్‌లో నుజ్జయిన బండిలోంచి తెచ్చిన టర్బో ఇంజన్ ఎక్కించాడు. అప్పుడు మోతె సెంటర్‌లో జనం వాణ్ని పేరుతో పిలిచారు. ఆ ఖుషీ నేను చూశాను. దాన్ని తక్కువ చేయను. ఆ హునరే ఇవాళ వాడికి సౌదీలో గ్యారేజీ నౌకరీ ఇచ్చింది.

అంటే ఆ చెట్టు కాయ కాసేసింది. పండు వాడి చేతికి అందింది. ఇక వేప చెట్టు కింద తుప్పు పడుతున్న ఇనుముకు కాపలా ఎందుకు?

"నిషానీ" అంటారు. సరే, నిషానీ సంగతే చూద్దాం. ఇంజన్ అబ్బాది కాదు. టైర్లు, సీట్లు, రంగు, బంపరు ఏవీ అబ్బావి కావు. అన్నిటికంటే పెద్ద మాట, మా అమ్మీ ఆ జీపు ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి నడుమంత ఎత్తున్న పాదాని మీద కాలెట్లా వేస్తుంది? ఒకసారి దవాఖానకు తీసుకుపోదామని స్టూలు వేసి, ఇద్దరం చేతులు పట్టి లేపబోతే, మధ్యలో ఆగి దిగిపోయింది. "ఆటో పిలువు బేటా" అంది. పాతికేళ్లు ఆయన పక్క సీట్లో కూర్చున్న బీవీ ఎక్కలేని బండి ఆయన నిషానీ ఎట్లయితది మామూ?

ఇంకో దలీల్ ఫుప్పూ కొడుకుది. మహీంద్రా కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్ అట, జీపులో మన పేరుందట, అది మన షాన్ అట. చరిత్ర నిజమే. మహీంద్రా సోదరులతో గులామ్ మహమ్మద్ భాగస్తుడు. తఖ్సీమ్ తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి, ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి, 1951లో గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఈ కిస్సాలో నాకు షాన్ కంటే సబఖ్ ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ భాగస్తుడు వేరైతే బోర్డు మీద పేరు మారింది. మా ఇంట్లో మనిషి మట్టిలో కలిసి ఏళ్లు గడిచినా ఆర్సీ మీద పేరు మారలేదు. 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది, మా ఆర్సీ మాత్రం అట్లనే ఉంది.

కానూన్ ఏమంటుందో చూడండి. బండి యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. మూడు నెలల్లో ఫారం 31తో వారిసు పేరు మీదికి మార్చుకోవాలి. మేము చాలీస్వాఁకు బిర్యానీ దేగ్‌లు లెక్కపెట్టాం, ఈ రోజులు లెక్కపెట్టలేదు. ఇక మార్పుల మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణలో మార్పుకొక్కంటికి 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. అదే చట్టం వికలాంగుల కోసం బండిని మార్చుకోవడానికి మాత్రం దారి ఇచ్చింది. మా అమ్మీ మోకాళ్ల కోసం ఒక మెట్టు దించి ఉంటే ఏ ఆఫీసర్ ముందైనా తల ఎత్తి నిలబడేవాణ్ని. మేము మెట్టు పైకి లేపాం.

"ఈ కానూన్ అంతా మన పోరగాళ్ల మీదే చూపిస్తరు" అంటారు. టోపీ, గడ్డం ఉన్నోడు ఎత్తు బండి ఎక్కితే చెక్‌పోస్టులో చూసే చూపు వేరని నాకు తెలుసు, జర్నలిస్టును, చూశాను. ఆ నాఇన్సాఫీ మీద రాశాను, ఇంకా రాస్తాను. కానీ టైరుకు మజ్‌హబ్ లేదు. పాత 6.00-16 టైరు స్థానంలో 33 అంగుళాలది వేస్తే మీటరు 60 చూపినప్పుడు బండి దాదాపు 69 మీద పోతుంటుంది. బ్రేకులు మాత్రం ఆనాటి డ్రమ్ములే. బరువు పైకి లేస్తే మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. ఇది ఫిజిక్సు, తఅస్సుబ్ కాదు.

పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పోయినేడు ఒక షాదీకి జీపును అలంకరించి బారాత్‌లో తిప్పారు. తిరిగి వస్తుంటే కాలువ కట్ట మీద ఒక పక్క చక్రాలు జారి బండి ఒరిగింది. లోపల మా చెల్లె కొడుకు ఉన్నాడు. పదకొండేళ్లు. కాలర్‌బోన్ విరిగింది. అల్లా రహం, అంతటితో పోయింది. దవాఖాన ఖర్చు చెల్లె అత్తింటోళ్లే పెట్టుకున్నారు. జీపుకు డెంటు తీయించడానికి మాత్రం సౌదీ నుంచి వారంలో పైసలొచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా చెల్లె ఎన్నడూ హిస్సా అడగలేదు. మన ఆడబిడ్డలు అడగరు. అడిగితే మైకా తలుపు మూసుకుంటుందని వాళ్ల భయం. ఆ భయానికి మనం పెట్టుకున్న ముద్దు పేరు షరాఫత్. ఆ పిల్లవాడి చేతికి పట్టీ విప్పిన రోజు మాత్రం నవ్వుతూ ఒక మాట అంది. "భాయ్‌జాన్, ఆ నాలుగు చక్రాల్లో నాది ఏదో చెప్పు. అదొక్కటి విప్పుకుని పోతా. మిగతాది మీరు తిప్పుకోండి."

నవ్వులాటే. కానీ ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. దాదా, దాదీ ముందే పోయారు. అబ్బా ఖర్జ్ ఏమీ మిగల్లేదు. సూరా నిసా 11, 12 ఆయత్‌ల లెక్కన పిల్లలున్న బీవీకి ఎనిమిదో వంతు, మిగతాది కొడుకుకు రెండు పాళ్లు, బిడ్డకు ఒక పాలు. అసలు రూపంలో ఉన్న జీపుకు తెలిసినవాళ్లు చెప్పిన ధర 2,40,000. అందులో అమ్మీకి 30,000. మిగిలిన 2,10,000ను ఐదు పాళ్లు చేస్తే చెల్లెకు 42,000, మా అన్నదమ్ములకు చెరి 84,000. ఇంత సీదా హిసాబ్ చేయడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది. తలాఖ్ మీద, తోడేళ్లలాంటి టీవీ యాంకర్లతో కొట్లాడి షరియత్ బచావ్ అంటాం. ఇంట్లో షరియత్ ఇచ్చిన 42,000 ఇవ్వం. బయటివాడు మన పర్సనల్ లా మీద చేయి వేస్తే మనకు కోపం వస్తుంది. దాన్ని ఇంట్లో రోజూ గోరీలో పెడుతున్నది మనమే.

"జీపు వరదల్లో పనికొస్తది" అన్నవాళ్లూ ఉన్నారు. 2024 సెప్టెంబర్ ఒకటిన ఆ ఇంతెహాన్ కూడా వచ్చింది. మన పక్క నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. కోదాడ మునిగింది. ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ బ్రిడ్జిపై తొమ్మిది మంది చిక్కుకుంటే సుభాన్ ఖాన్ తన ప్రాణాన్ని పక్కన పెట్టి తీసుకొచ్చాడు. ఆయన నడిపింది జేసీబీ, పని బండి. ఆ రోజు మా జీపు వేప చెట్టు కిందే ఉంది. బ్యాటరీ డౌన్.

ఇక ఖాలూ సలహాకు వస్తా. నాకు అన్నిటికంటే ఖతర్‌నాక్‌గా తోచింది అదే. హైదరాబాద్‌లో చదువుకునే ఒక పోరడు ఉన్నది ఉన్నట్టే 4,25,000 ఇస్తానన్నాడు. స్టాంపు పేపర్ మీద సంతకం చాలట, పేరు మార్పిడి తర్వాత చూసుకుంటాడట. అంటే ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో ఇంకొకటి. రేపు చెకింగ్‌లో పట్టుబడితే ఆ పిల్లవాడు ఏం చెప్తాడు? యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడితే వాడి తండ్రి ఎవరి గల్లా పట్టుకుంటాడు? 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుందో వాళ్లే ఓనర్ అని. మా ఆర్సీ మీదున్న పేరు ఖబరస్తాన్‌లో ఉంది. సమన్లు అక్కడికి పంపుతారా?

కానూన్ పక్కన పెట్టండి. సరుకులోని ఐబ్‌ను దాచి అమ్మడం ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. బజార్లో ధాన్యం కుప్పలో హుజూర్ (స) చేయి పెట్టి, లోపలి తడి బయటపెట్టిన వాఖియా మనం జుమ్మా ఖుత్బాల్లో వింటూనే ఉన్నాం. మనం వరి పండించే వాళ్లం. ఐకేపీ కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు పక్కన పెడతారు. వడ్లకు ఉన్న నిజాయితీ పరీక్ష జీపుకు వద్దా? ఆ ఎక్కువొచ్చే 1,85,000 ధర కాదు, ధోకా కూలీ. అందులోంచి చెల్లెకు హిస్సా ఇస్తే ఆమెకూ హరామ్ తినిపించినట్టే.

కాబట్టి నా ఫైసలా ఇది. ఉంచను, ఉన్నట్టే అమ్మను. అబ్బా ఇంజన్ కొట్టంలో గోనెసంచి కప్పుకుని భద్రంగా ఉంది. దాన్ని తిరిగి ఎక్కిస్తా. పాత సైజు టైర్లు, పాత ఎత్తు. విప్పిన టైర్లు, వించి, లైట్లు ఛోటా పైసలతో కొన్నవి, వాటి మీద వచ్చేది వాడిదే. కాగితం లేని ఆ టర్బో ఇంజన్ మాత్రం ఎవడికీ అమ్మను, కాంటా మీద తుక్కుకే పోతుంది. ఆర్సీ ముందు అమ్మీ పేరు మీదికి వస్తుంది. కొనేవాడికి ఏం మార్చామో, ఏం తిరిగి పెట్టామో, ఎక్కడ ఒరిగిందో రాసి సంతకం చేసి ఇస్తా. ధర తగ్గితే తగ్గనీ. ఎవరూ కొనకపోతే రిజిస్టర్డ్ స్క్రాప్ కేంద్రానికి పంపి సర్టిఫికెట్ తీసుకుంటా.

ఛోటాకు ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అబ్బా ఇంజన్‌కు టైమింగ్ ఎవడితో పడితే వాడితో పెట్టించకు భాయ్, సెలవుల్లో నేనొచ్చి పెడతా" అన్నాడు. నాకు అబ్బా నిషానీ ఆ మాటలో దొరికింది. జీపులో ఎంత వెతికినా దొరకలేదు.

మామూ, నీ కోపం నాకు కబూల్. ఒక్క పని చెయ్. మన నానా పేరు మీదున్న ఆ రెండెకరాల్లో మా అమ్మీ హిస్సా ఎంతో నువ్వు కూడా ఒక కాగితం మీద లెక్క వేసి పెట్టు. జీపు సంగతి ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.