పందిట్లో చినుకు పడితే

మా దొనకొండలో వాన పడితే అదో వార్త. పడమటి ప్రకాశం అంటేనే మబ్బు చూసి మురిసిపోయే ఊళ్లు. అందుకేనేమో, పండక్కి పందిరేస్తే ఎండకి పట్టా కడతాం గానీ, లైట్ల తీగలు తడుస్తాయన్న ఆలోచనే రాదు. కానీ క్యాలెండరు చూడండి. వినాయక చవితి నైరుతి వానల్లోనే వస్తుంది. దీపావళి నాటికి ఈశాన్యం వంతు. ఇక క్రిస్మస్ స్టార్లు కట్టేది తుపాన్ల కాలంలో. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, సరిగ్గా మేడల మీదికి స్టార్లు ఎక్కే రోజుల్లో.

పోయిన చవితికి ఊరెళ్తే, కుర్రాళ్లు పందిరి ఇనుప పైపులకి సీరియల్ సెట్లు చుడుతున్నారు. కాళ్లకి చెప్పుల్లేవు, కింద బురద. ఇలా తడిలో వద్దురా అంటే, ‘ఎల్ఈడీలే కదన్నా, షాకేం కొట్టదు’ అన్నాడొకడు. చాలామంది అనుకునేదే ఇది. బల్బు ఒక్కోటీ తినేది మూడు వోల్టులే, నిజమే. కానీ అడాప్టరు లేని చవక సెట్లలో అలాంటివి పదుల కొద్దీ వరసగా కలిపి నేరుగా 230 వోల్టులకి తగిలిస్తారు. మధ్యలో ఎక్కడ తీగ చర్మం ఊడినా అది ఇంట్లో ప్లగ్గు రంధ్రంలో వేలు పెట్టినట్టే. అదే 12, 24 వోల్టుల అడాప్టరుతో వచ్చే సెట్లయితే చాలా నయం. అడాప్టరు మాత్రం చూరు కింద పొడిగా ఉండాలి.

‘ఎంసీబీ ఉందిగా’ అంటారు ఇంకొందరు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. తడి ఒంటి మనిషి ప్రాణం పోవడానికి వంద మిల్లీ ఆంపియర్లు చాలు. అంత చిన్న లెక్క ఎంసీబీ కంటికి ఆనదు. అది కాపాడేది తీగల్ని, మనల్ని కాదు. మనల్ని చూసుకునేది ఆర్‌సీసీబీ. దాని పని నా ఉద్యోగంలో మేం రోజూ చేసే లెక్క సరిచూడ్డం లాంటిదే: ఫేజులో వెళ్లినంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా? 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందని లెక్కేసి రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. అటూఇటూ రెండు వేల రూపాయలు. డీజేకి ఇచ్చే దాంట్లో ఇదెంత!

అయితే దీన్ని పెట్టాక జరిగే తమాషా ఒకటుంది. కొన్నిచోట్ల ఫేజు ఒక్కటే లాగి, ఇనుప రాడ్డు భూమిలో దిగ్గొట్టి అదే న్యూట్రల్ అనుకుంటారు. ఆ రాడ్డు తీగ ఆర్‌సీసీబీలోంచి పోకపోతే, అది పెట్టగానే పడిపోతుంది. ‘ఇది పన్జేయట్లేదు’ అని పీకేస్తారు. పన్జేసింది కాబట్టే పడింది! కొక్కేల కరెంటుకి ఇప్పుడు సాకు కూడా లేదు. 2025లో గణేశ్ మండపాలకి కరెంటు ఉచితమని రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది.

ఇంకో సంగతి, జాయింట్లు. నల్ల టేపు వానకి ఊడుతుంది, దాన్ని నమ్మొద్దు. ప్లగ్గుకి ప్లాస్టిక్ కవరు బిగించి చుట్టేస్తే లోపలే నీళ్లు నిలుస్తాయి. అడుగు తెరిచి గొడుగులా కప్పండి. తీగ ప్లగ్గు దగ్గరికొచ్చే ముందు కాస్త కిందికి వేలాడి పైకి రావాలి, నీళ్లు ఆ వంపులోంచి కారిపోతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేలమీద పెట్టకండి. పందిరి, ఊరేగింపు బండి పైన తీగలున్నాయేమో తలెత్తి చూడండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు.

ఎవరికైనా షాక్ కొడితే పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ ఆపాలి, తర్వాత 108. తీగ తెగిపడితే 1912కి ఫోన్ చేయాలి.

వాన వెలిశాక ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతోందా? హారతి టైము, జనం తోసుకొస్తున్నారు, దాన్ని దాటించి డైరెక్టుగా ఇచ్చేద్దామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. సెట్లన్నీ పీకి ఒక్కోటి తగిలించండి. ఏది పెట్టగానే పడిందో ఆ తడిసిన సెట్టు తీసి పక్కన పడేయండి. మిగతావి వెలుగుతాయి.