ఇంటికి ఒక పుంజు చాలు, ఊరికి చాలదు

దర్శి చుట్టుపక్కల తాళ్లూరు, ముండ్లమూరు, కురిచేడు, దొనకొండ పల్లెల్లో పెరటికోళ్లు పెంచే ఇంట రెండో పుంజంటే తిండి దండగ అనుకోవడం మామూలే. గుడ్లకే అయితే అసలు పుంజే అక్కర్లేదు, అది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. పొదగేసి పిల్లల్ని తీయాలనుకున్నప్పుడే పుంజుతో పని. పెట్ట 21 రోజులు కూర్చుని సగం పిల్లల్నే లేపితే నేరం ఉరుముల మీదికో ఎండ మీదికో పోతుంది. అందుకే గంపలో ఇనుపముక్క, ఎండుమిరపకాయ వేస్తారు. పుంజును అనుమానించేవాళ్లు తక్కువ. వారం పొదిగిన గుడ్డును చీకట్లో టార్చిలైటుకు అడ్డం పెట్టి చూస్తే సంగతి తేలుతుంది. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిండం బతికే ఉంది. ఏమీ లేకుండా తేటగా వెలిగితే పుంజు పని జరగలేదు. నెత్తుటి వలయం ఒక్కటే కనిపిస్తే పిండం పడి చచ్చిపోయింది. చావుకు వేడి, పెట్ట సరిగా కూర్చోకపోవడం కూడా కారణాలే. కానీ ఏటేటా అదే పెరుగుతుంటే మందలో రక్తం మరీ దగ్గరైందేమో చూసుకోవాలి.

ఒకే పుంజున్న పెరట్లో రక్తం దగ్గరవడానికి ఎన్నాళ్లో పట్టదు. ఈ ఏడు పుట్టిన పెట్టలు ఆరేడు నెలలకు గుడ్లకొస్తాయి, వాటికి జత వాటి తండ్రే. అలా పుట్టిన పిల్లల్లో అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తం కలిసిన పాలు, 25 శాతం. పోనీ పెట్టల సంఖ్య పెంచితే? అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1931లో ఇచ్చిన సూత్రం ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. పది పెట్టలకు ఒక పుంజుంటే, సంతానపరంగా ఆ మంద విలువ నాలుగు కోళ్లకు లోపే. పెట్టల్ని ఇరవై చేసినా అది నాలుగు దాటదు. అదే పది పెట్టలకు రెండు పుంజులుంటే దాదాపు ఏడవుతుంది. పది పెట్టల్ని అదనంగా మేపినా రానిది ఒక్క పుంజుతో వస్తోంది. పైగా ఉన్న ఒక్కదాన్నీ కొక్కెర తెగులో కుక్కో పొట్టన పెట్టుకుంటే, రెండు మూడు వారాల తర్వాత పెట్టే గుడ్లు పొదగడానికి పనికిరావు.

రెండు పుంజులు ఒకచోట ఇమడవన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. గెలిచిన పుంజు రెండోదాన్ని పెట్ట దగ్గరికి రానివ్వదు, కాబట్టి సూత్రం చూపిన లాభంలో చాలాభాగం ఆ పెరట్లోనే ఆవిరవుతుంది. పుంజులెక్కువై పెట్టలు తక్కువైతే బాధ పెట్టలదే. వీపు మీద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది, గోళ్లు దిగి గాయాలవుతాయి. ఎనిమిది పది పెట్టలకు మించి లేని ఇంట రెండు పుంజుల్ని ఉంచమని నేను అనను. కానీ మన కోళ్లు ఇంటి గోడల మధ్య ఉండేవి కావు. పగలంతా వీధిలో, కళ్లాల్లో, కంది చేల గట్ల మీద తిరిగేవి. మంద వీధిది అయినప్పుడు పుంజుల లెక్క కూడా వీధిదే కావాలి. నాలుగిళ్లలో నాలుగు పుంజులుంటే ఎవరి వాకిలి దగ్గర వాళ్ల పుంజుదే పెత్తనం, పోట్లాటలూ తగ్గుతాయి. ఆ నాలుగూ ఒకే తండ్రి పిల్లలు కాకూడదు, అంతే.

ఏడాదికోసారి పుంజుల్ని మార్చుకోవడం ఇందుకే అవసరం, పక్క వీధితో కాదు, పక్క ఊరితో. అయితే మార్చుకునే పుంజు మంచిదై ఉండాలి. సంక్రాంతికీ గ్రామదేవత కొలుపులకూ బరువైన, చురుకైన పుంజే ముందు పోతుంది. మిగిలిన బక్కది మందకు తండ్రవుతుంది. ఈ పద్ధతి తిరగబడాలి: మంచిదాన్ని ముందు ఎంచి ఉంచుకుని, మిగతావాటిని అమ్ముకోవాలి. మంచి పుంజు లేని లోటును వనరాజా పుంజుతో తీర్చుకోవచ్చు కదా అంటారు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన ఆ జాతి గుడ్లకూ మాంసానికీ మంచిదే, పొదిగే గుణమే తక్కువ. దాన్ని నాటుపెట్టలతో కలుపుతూ పోతే రేపు గంపలో కూర్చునే పెట్ట కరువవుతుంది.

మిగిలిన అభ్యంతరం తెగులు. ఊరు మారిన పుంజుతో అదీ రావచ్చు. రెండు వారాలు విడిగా కట్టేసి, కొక్కెర టీకా వేయించాకే మందలో వదలాలి. పశువైద్యశాలలు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రం, డ్వాక్రా సంఘాలు కలిసి టీకాల శిబిరాన్నే పుంజుల ఎంపికకు వేదిక చేస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. ఏ ఊరి పుంజు ఏ ఊరికి వెళ్లిందో సంఘం పుస్తకంలో ఒక వరుస రాసుకుంటే, మరుసటేడు అది పుట్టిన ఊరికే తిరిగి రాకుండా చూసుకోవచ్చు.