కూతురిలా చూసుకుంటున్నాం!

మొన్న శ్రావణమాసంలో విజయవాడ సత్యనారాయణపురంలో ఒకరింటికి పేరంటానికి వెళ్ళాను. తాంబూలం పళ్ళెం పట్టుకుని పదేళ్ళ పిల్ల వచ్చింది. అంట్లు తోమీ తోమీ చేతులు పాసిపోయి ఉన్నాయి. "ఎవరండీ ఈ పాప?" అంటే, "దివిసీమ నుంచి తెచ్చుకున్నామండీ, సొంత కూతురిలా చూసుకుంటున్నాం" అన్నారావిడ. చెడ్డావిడ కాదు. పండక్కి పిల్లకి కొత్త గౌను కూడా కుట్టించారు. అయినా ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ మాట ఇవాళ్టిది కాదండీ. వందేళ్ళ కిందట, ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలోని హాంకాంగులో, చైనా కుటుంబాలవాళ్ళు బీదింటి ఆడపిల్లల్ని డబ్బిచ్చి తెచ్చుకుని జీతం లేకుండా చాకిరీ చేయించుకునేవారు. వాళ్ళని 'మూయి త్సాయ్' అనేవారు. అంటే చిన్న చెల్లెలట! పేరు ఎంత ముద్దుగా ఉందో చూడండి. దొరలేమో అది వాళ్ళ ఆచారం, ఒకరకం పెంపకం అని సరిపెట్టేవారు.

క్లారా హాసిల్‌వుడ్ అనే నేవీ ఆఫీసరు భార్య మాత్రం ఊరుకోలేదు. 1919లో పత్రికలకి ఉత్తరాలు రాసింది. గొడవ లండను పార్లమెంటు దాకా వెళ్ళింది. 1922లో వలసల మంత్రి చర్చిల్, ఏడాదిలో దీన్ని రద్దు చేస్తామన్నాడు. 1923లో చట్టం వచ్చింది. కానీ పిల్లల పేర్లు నమోదు చేయించడం 1929 దాకా మొదలవలేదు. ఈలోగా "ఇది పనిపిల్ల కాదు, పెంపుడు కూతురు" అనేస్తే సరిపోయేది! 1937లో విచారణ సంఘం సభ్యురాలు ఎడిత్ పిక్టన్-టర్బర్‌విల్, మిగతా ఇద్దరితో ఏకీభవించక, పేరేదైనా పరాయి పంచన చేరిన ప్రతి ఆడపిల్లకీ రక్షణ ఉండాలని విడిగా రాసింది.

మనకీ ఇది కొత్త కాదు. బి. నరసింగరావుగారి 'దాసి' సినిమాలో అర్చనని చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే. పిల్లల శ్రమని తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని 1933లోనే చట్టం వచ్చింది. ఇళ్ళలో పనికి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోకూడదన్న నిషేధం మాత్రం 2006 అక్టోబరు 10న గానీ అమల్లోకి రాలేదు. 2016 సవరణ తర్వాత 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

చట్టం సంగతి అలా ఉంచండి. కూతురిలా అన్నదానికి ఒకటే పరీక్ష: పొద్దున్న మీ అమ్మాయి బడికి బయల్దేరే వేళకి ఆ పిల్ల ఏం చేస్తోంది?

అలాగని భయపడి పిల్లని రాత్రికి రాత్రి బస్సెక్కించేయకండి. 1098కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. చదువు మానేసిన ఆడపిల్లలకి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో హాస్టలుతో సహా చదువు ఉంది. అంట్లకంటారా, పెద్దమనిషిని పెట్టుకుని సరైన జీతమివ్వండి.

ఆ రోజు మొహమాటపడి, తాంబూలం పుచ్చుకుని వచ్చేశాను. ఈ వారం మళ్ళీ వెళ్ళి ఆవిడతో చెప్పాలనుకుంటున్నాను. మీకు తెలిసినవాళ్ళింట్లోనూ అలాంటి 'కూతురు' ఉంటే, మీరూ ఓ మాట చెప్పరూ?