బాదం పాలట, గుండెకి మంచిదట!

ఉప్పల్‌లో బండి మీద అమ్మే బాదం పాలంటే పాలూ, పంచదారా, పసుపు రంగూ. అందులో గుండెకి ఒరిగేదేమీ లేదు, సరే. నాచారం సూపర్‌మార్కెట్లో డబ్బాలో దొరికేదేమన్నా గొప్పా? చాలావాటిల్లో నూటికి రెండు మూడు పాళ్ళు బాదం, మిగతాదంతా దాదాపు నీళ్ళే! ఇది నమ్మి ఇంట్లో పెద్దాళ్ళకి పాలు మాన్పించేస్తున్నారు. గ్లాసు ఆవుపాలల్లో 8 గ్రాముల ప్రోటీన్, ఇందులో ఒక్క గ్రాము.

2003లో అమెరికా ఎఫ్‌డీఏ "గుండెజబ్బు ముప్పు తగ్గొచ్చు, ఋజువు మాత్రం కాలేదు" అన్నట్టు చెప్పింది గింజల గురించండీ, రోజుకి 42 గ్రాములు. గింజలు నానేసిన నీళ్ళ గురించి కాదు. ఆ జాబితాలో మన పల్లీలు కూడా ఉన్నాయి!

పాలు పడనివాళ్ళు పంచదార లేనిది తాగితే తప్పులేదు. మిగతావాళ్ళకెందుకీ ఖర్చు? పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థని పెట్టుకుని, డబ్బా మీది రాతలు నమ్ముతామా? ఉప్పేయకుండా గుప్పెడు పల్లీలు వేయించుకోండి. ఏమంటారు?