ముందస్తు వైద్య నిర్దేశం రాసి ఉంచుకోవలసిందిగా పెద్దలకూ, వారి పిల్లలకూ విజ్ఞప్తి

ఆస్తి ఎవరికి చెందాలో వీలునామా రాయించే అలవాటు తెలుగు కుటుంబాల్లో చాలాకాలంగా ఉన్నా, చివరి దశలో తమకు ఏ చికిత్స జరగాలో, ఏది జరగకూడదో రాసి ఉంచుకున్నవారు అరుదు. అటువంటి పత్రాన్ని ముందస్తు వైద్య నిర్దేశం అంటారు. వాడుకలో లివింగ్ విల్ అన్న పేరే ఎక్కువ. ఆస్తి వీలునామా మనిషి పోయిన తరువాత అమలులోకి వస్తే, ఇది రాసినవారు బతికి ఉండగానే, అదీ తమ నిర్ణయం తాము చెప్పే శక్తి కోల్పోయి, కోలుకునే ఆశ లేని వ్యాధితో దీర్ఘకాలంగా చికిత్స పొందుతున్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది. కాబట్టి ప్రమాదంలో గాయపడి కోలుకునే అవకాశం ఉన్నవారికి ఈ పత్రం వల్ల వైద్యం అందకుండా పోతుందన్న భయానికి ఆధారం లేదు.

కామన్ కాజ్ అనే సంస్థ వేసిన పిటిషన్‌పై 2018 మార్చి 9న తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి ఈ పత్రానికి చట్టబద్ధత కల్పించింది. ప్రాణం తీసే మందు ఇవ్వడం నేటికీ నేరమే; తీర్పు అనుమతించింది ఫలితం లేని చికిత్సను ఆపడాన్ని, లేదా మొదలుపెట్టకపోవడాన్ని మాత్రమే. అయితే పత్రంపై జ్యుడిషియల్ మేజిస్ట్రేట్ సంతకం తప్పనిసరి కావడంతో, వృద్ధులను కోర్టు మెట్లు ఎక్కించే ఆ నిబంధన హక్కును చాలావరకు కాగితానికే పరిమితం చేసింది. 2023 జనవరి 24న ధర్మాసనం దానిని సడలించి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ చేత గాని, గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేస్తే చాలునన్నది.

పత్రానికి ప్రాణం అందులోని పేరు. రోగి మాట్లాడలేనప్పుడు చికిత్స ఆపడానికి సమ్మతి తెలపవలసిన సంరక్షకులు లేదా దగ్గరి బంధువులు ఎవరో ఇందులో రాయాలి. 2023 సవరణ ప్రకారం ఒకరికన్నా ఎక్కువమందిని పేర్కొనవచ్చు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడగా వృద్ధ దంపతులు ఇద్దరే మిగిలిన ఇళ్లు ఆంధ్ర, తెలంగాణల్లో నేడు కొల్లలు. అటువంటి ఇంటి పెద్ద ఐసీయూలో చేరినప్పుడు తలుపు దగ్గర కాచుకుని ఉండేది తమ్ముడి కొడుకో పక్కింటివారో అయితే, నిర్ణయం మాత్రం అర్ధరాత్రి వాట్సాప్ కాల్‌లో రావలసి ఉంటుంది. దగ్గరుండి చూసుకోలేకపోయామన్న బాధతో ఉన్న సంతానం ఎంత ఖర్చయినా ఏదీ ఆపవద్దనడం సహజమే. ఆ మాటలో ప్రేమ లేదని ఎవరూ అనరు గాని, రోగి కోరుకున్నది అదేనా అన్నది తెలుసుకునే దారి అప్పటికి మూసుకుపోయి ఉంటుంది. ఆపుదామని ముందుగా అన్నవారికి తండ్రిని వదిలేశారన్న నింద తప్పదు కనుక తోబుట్టువులంతా మౌనం వహిస్తారు, చికిత్స దానంతటదే సాగిపోతుంది. అందుచేత పెద్దకొడుకు పేరు మర్యాద కోసం రాసి ఊరుకోకుండా, పిలిస్తే వెంటనే ఆసుపత్రికి చేరగలవారి పేరును కూడా చేర్చవలసిందని పెద్దలకూ, దానిని తమ స్థానానికి భంగంగా తీసుకోవద్దని పిల్లలకూ మనవి.

అస్పష్టమైన పత్రాన్ని, చికిత్స ఆపడంపై అభిప్రాయం చెప్పే వైద్య మండళ్లు అమలు చేయరాదని తీర్పే చెప్పింది గనుక, "అనవసరంగా బాధపెట్టవద్దు" వంటి మాటలు చాలవు. శ్వాస నడిపించే వెంటిలేటర్, రక్తాన్ని శుద్ధిచేసే డయాలసిస్, గొట్టం ద్వారా ఆహారం, ఆగిన గుండెను ఛాతీ నొక్కి తిరిగి నడిపించే ప్రయత్నం, వీటిలో ఏది ఏ స్థితిలో వద్దో వైద్యుణ్ణి అడిగి తెలుసుకుని విడివిడిగా రాయాలి. నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించే ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్, కొనసాగాలని కూడా రాయడం మంచిది. చికిత్స ఆపడమంటే రోగిని పట్టించుకోకపోవడమన్న అపోహకు అదే సమాధానం.

ఆస్తి కోసం ఎవరైనా తొందరపడతారేమో అన్న శంక పైకి చెప్పకపోయినా చాలామంది మనసుల్లో ఉంటుంది, అది నిరాధారమూ కాదు. అందుకే చికిత్స చేస్తున్న వైద్యుడు, ఇద్దరు నిపుణులు ఉన్న ప్రాథమిక మండలి, ఆపై జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన వైద్యుడు, మరో ఇద్దరు నిపుణులు ఉన్న ద్వితీయ మండలి అంగీకరించి, పత్రంలో పేర్కొన్నవారు సమ్మతించాక, మేజిస్ట్రేట్‌కు తెలియజేసిన తరువాతే అమలు జరగాలన్న నియమం ఉంది. ఒక్కొక్క మండలి వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి.

పత్రాన్ని బ్యాంకు లాకర్‌లో దాచడం వల్ల ప్రయోజనం లేదు. పేర్కొన్నవారికీ, కుటుంబ వైద్యుడికీ, మున్సిపాలిటీ లేదా పంచాయతీలోని అధీకృత అధికారికీ ప్రతులు ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా లిఖితపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. విదేశాల్లోని తెలుగువారు తల్లిదండ్రుల చేత ఈ పత్రం రాయించడంతో ఆగక, తాము నివసించే దేశం లేదా రాష్ట్రం చట్టం కోరే పత్రాన్ని తమ కోసం వేరుగా పూర్తిచేసుకోవాలి.