కొత్త జంటలకు తెలిసింది ఆపరేషన్ ఒక్కటే

రాయచోటి: కుటుంబ నియంత్రణ అనగానే ఈ ప్రాంత పల్లెల్లో గుర్తుకు వచ్చేది ఆడవాళ్ల ఆపరేషన్ ఒక్కటే. పెండ్లయిన ఏడాదికి ఒక కాన్పు, ఆ బిడ్డ నడక నేర్వకముందే మరొకటి, ఆపైన ఆపరేషన్. చాలామందికి పాతికేళ్లు నిండకమునుపే ఇదంతా ముగిసిపోతున్నది. కాన్పుకు, కాన్పుకు మధ్య ఎడం పాటించే సాధనాల ఊసే కొత్త జంటల్లో అరుదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ సంగతినే చెబుతున్నది. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏండ్ల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రలు వాడేవారు నూటికి ఒక్కరైనా లేరు. నిరోధ్ సంగతీ అంతే. 15-19 ఏండ్ల బాలికల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భిణులో అయి ఉన్నారు. ఆ వయసు పిల్లకు ఆపరేషన్ దేనికి? కావలసింది వ్యవధి.

రాయచోటి వైపు కువైట్ చిక్కు ఒకటి అదనం. బ్రతుకుతెరువుకు వెళ్లిన భర్త ఏడాదికో, రెండేళ్లకో సెలవుపై వస్తాడు. పెట్టెలో సబ్బులు, సెంట్లు తెచ్చుకొనేవారికి నిరోధ్ మాత్రం గుర్తుకు రాదు. అతడు తిరిగి విమానమెక్కిన తర్వాత ఆమెకు నెల తప్పుతుంది. చంకన ఒక బిడ్డ, కడుపున మరొక బిడ్డ. ఆ భారమంతా ఆమె ఒక్కదానిదే.

సాధనాలు లేవా అంటే ఉన్నాయి, అవీ ఉచితంగానే. నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, కాపర్-టి ఏనాటి నుంచో ఉన్నవే. 2017లో అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు వచ్చాయి. ఇంజెక్షన్ మూడు నెలలకు ఒకటి. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లీ వాడవచ్చు. ఏది ఎవరికి సరిపోతుందో ఏ.ఎన్.ఎం.ను గాని, డాక్టరును గాని అడగాలి.

ఇక మగవారి ఆపరేషన్ మాటెత్తితే ఇంట్లో తల్లే అడ్డుపడుతుంది, కొడుకు బలహీనపడిపోతాడని. కోత, కుట్టు లేని పద్ధతి వచ్చి ఏండ్లయింది. చేయించుకున్నవారు అదేరోజు ఇంటికి పోవచ్చు. అయితే 1976-77లో దేశంలో బలవంతాన చేసిన ఆపరేషన్ల భయం తాతల నుంచి మనుమలకూ దిగింది.

పదో తరగతి జీవశాస్త్రంలో గర్భనిరోధంపై పాఠం ఉన్నది. పరీక్షకు రాసిన ఆ జవాబు పెండ్లినాటికి గుర్తుండదు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు కోడలు గదిలో ఉంటుంది, జవాబు చెప్పేది అత్తగారు.